రంపానికి మంచి ఆకురాయి

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. తెలుగులో మాట్లాడడం వేరు, తెలుగులో ఉపన్యసించడం వేరు. నడుమ ఎక్కడైనా నాలుక తడబడితే మీరే సర్దుకోవాలి. కార్యదర్శిగారు నన్ను "విద్య ప్రాముఖ్యం" గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం ప్రతి యేడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, మీరు వింటూనే ఉన్నారు. అందుకని ఈసారి ఒక చిన్న పనిముట్టు గురించి మాట్లాడతానని అడిగి ఒప్పించుకున్నాను. ఆ పనిముట్టు పేరు ఆకురాయి. మా ఇంట్లో దాన్ని రేతీ అనేవాళ్ళం. వడ్రంగుల దగ్గర ఆకురాయి అంటారు, హార్డ్‌వేర్ షాపువాడు ఫైలు అంటాడు. పేర్లు మూడైనా వస్తువు ఒక్కటే. అందులోనూ నేను చెప్పబోయేది మూడు మూలల ఆకురాయి గురించి, అంటే చేతి రంపానికి పదును పెట్టేదాని గురించి మాత్రమే.

ఇదేం విషయమని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. మన సభ్యుల్లో వడ్రంగం చేసి బతికే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఒక పిల్లవాడి బతుకుతెరువు ఈ జానెడు ఇనుప ముక్కవల్ల పోబోయి ఆగింది. ఆ సంగతి చెబితే మీరే ఒప్పుకుంటారు.

ఆ పిల్లవాడు నా దగ్గర ఎనిమిదో తరగతిదాకా చదివాడు. ఇంటి పరిస్థితి బాగాలేక బడి మాని, ఒక వడ్రంగి ఉస్తాద్ దగ్గర పనికి చేరాడు. చదువు మానినందుకు నాకు బాధే, కాని చేతిలో ఒక హునర్ ఉంటే వాడు నిలబడతాడని సరిపెట్టుకున్నాను. యేడాది గడిచింది. ఒకనాటి సాయంత్రం వాళ్ళమ్మ ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. "మాస్టర్ సాబ్, ఉస్తాద్ వీణ్ణి ఇంటికి పంపించేశాడు. వీడి చేతిలో పని లేదంట. రంపం పాడు చేశాడంట" అన్నది. పిల్లవాడు గుమ్మం దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు. చేతిలో సంచీ, సంచీలో ఆ రంపం, ఆకురాయి. రంపం ఖరీదు తీర్చేదాకా రావద్దన్నాడట ఉస్తాద్.

నేను రంపం చూశాను. పళ్ళు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొన్నిచోట్ల పళ్ళ సందు లోతుగా ఉంది, కొన్నిచోట్ల గిన్నె అడుగులాగా గుండ్రంగా ఉంది. ఇటువంటి రంపం గీత పట్టి నడవదు, ఒకవైపు లాగుతుంది. ఉస్తాద్‌కు కోపం రావడంలో తప్పు లేదు. తర్వాత ఆకురాయి చూశాను. చూడగానే కొత్తదిలాగే ఉంది. మూడు ముఖాలూ గరుకుగానే ఉన్నాయి. అప్పుడు నాకు మా అబ్బా గుర్తుకొచ్చారు. ఆయన వడ్రంగి. ఆయన ఎప్పుడు ఆకురాయి కొన్నా ముఖాలు చూసేవారు కాదు, మూలలు చూసేవారు. మర్నాడు బడిలోంచి భూతద్దం తెచ్చి మూలలు చూశాను. ముఖంమీద పళ్ళు అన్నీ ఉన్నాయి, మూలలమీద ఒక్కటీ లేదు. అంతా రాలిపోయి, అంచు నున్నగా మెరుస్తోంది.

సోదరులారా, ఇవాళ నేను చెప్పే మాటలన్నిటికీ మూలం అక్కడ ఉంది. అది కాస్త వివరిస్తాను.

రంపం పళ్ళు వరుసగా ఉండే చిన్న చిన్న ముక్కోణాలు. ఒక పంటికీ ఇంకో పంటికీ మధ్య సందు 60 డిగ్రీల కోణంలో ఉంటుంది. మూడు మూలల ఆకురాయి కూడా మూడు వైపులా సమానంగా ఉండే ముక్కోణం కాబట్టి దాని ప్రతి మూలా 60 డిగ్రీలే. ఆ మూలను సందులో పెట్టి తోస్తే ఒక పంటి వీపూ, పక్క పంటి ముందు భాగమూ ఒకేసారి రాకబడతాయి. సందు అడుగున మాత్రం పని చేసేది మూల ఒక్కటే. అంటే మిగతా ఆకురాళ్ళ బరువు విశాలమైన ముఖంమీద పడితే, రంపపు ఆకురాయి బరువంతా వెంట్రుకంత సన్నని అంచుమీద పడుతుంది.

ఆ అంచుమీద ఎంత పని పడుతుందో లెక్క చూడండి. లెక్కల మాస్టరు కాకపోయినా ఈ మాత్రం లెక్క నాకూ వస్తుంది. 26 అంగుళాల రంపం, అంగుళానికి 7 పళ్ళు అనుకోండి. 182 పళ్ళు. సందుకు మూడు తోపులు వేస్తే 546 తోపులు. అన్ని తోపులూ ఒకే మూలతో వేస్తే, ఆ మూల చివరిదాకా ఒకే తీరున కోయాలి. మధ్యలో అది అరిగితే మొదటి సగం పళ్ళు ఒక తీరు, రెండో సగం పళ్ళు ఇంకో తీరు అవుతాయి. మన పిల్లవాడి రంపానికి జరిగింది ఇదే. పది ఇరవై పళ్ళకే మూల రాలిపోయింది. వాడు అది గమనించలేదు, ఇంకా గట్టిగా అదిమాడు. అదిమినకొద్దీ రంపం పాడైంది.

మరి మూల ఎందుకు రాలుతుంది? దీనికి ఆకురాయి ఎట్లా తయారవుతుందో కొంచెం తెలియాలి. మంచి ఆకురాయికి కర్బనం ఎక్కువున్న ఉక్కు వాడతారు, సుమారు నూటికి 1.2 వంతు కర్బనం ఉంటుంది. ముందు ఉక్కును మెత్తబరచి, ముక్కోణంగా సాపు చేసి, మెత్తగా ఉండగానే దానిమీద పళ్ళు కొడతారు. ఆ తర్వాత ఎర్రగా కాల్చి ఉప్పునీళ్ళలో ముంచుతారు. దాంతో అది రాయిలాగా గట్టిపడుతుంది. కాల్చేటప్పుడు పళ్ళమీది కర్బనం మాడిపోకుండా ముందే ఒక రకం పూత పూస్తారు. ఈ పూతలో, మంటలో, ముంచడంలో ఎక్కడ అశ్రద్ధ జరిగినా ఫలితం మూలల్లోనే ముందు కనపడుతుంది. ఎందుకంటే మూల సన్నగా ఉంటుంది, వేడి అక్కడికి తొందరగా ఎక్కుతుంది. కర్బనం పోతే మూల మెత్తబడి అరిగిపోతుంది. వేడి మించితే పెళుసై రాలిపోతుంది. ముఖం మాత్రం బాగానే ఉంటుంది. అందుకే అదే ఆకురాయితో కత్తి రాకితే బాగా పనిచేస్తుంది, రంపానికి పెడితే పది నిమిషాల్లో గుట్టు బయటపడుతుంది.

గట్టిదనాన్ని కొలవడానికి రాక్‌వెల్ అనే కొలత ఒకటి ఉంది. మామూలు రంపపు రేకు ఆ కొలతలో దాదాపు 50 దగ్గర ఉంటుంది. మంచి ఆకురాయి 62 పైన ఉంటుంది. ఈ తేడా ఉన్నందునే ఒక ఉక్కు ఇంకో ఉక్కును కోస్తుంది. ఇప్పుడు షాపుల్లో చవకగా వచ్చే కొన్ని రంపాలకు పంటి కొసలు కరెంటు వేడితో గట్టిపరచి ఉంటాయి. పంటి కొసలు నీలంగానో నల్లగానో మాడినట్టు కనపడితే అదే గుర్తు. ఆ పళ్ళు ఆకురాయంత గట్టిగా ఉంటాయి. వాటిమీద ఆకురాయి పెడితే జారిపోతుంది, ఆకురాయి పళ్ళే పోతాయి. అవి వాడి పారేయడానికి చేసిన రంపాలు. ఇంత మంచి ఆకురాయిని వాటిమీద పాడుచేసుకుని, తర్వాత ఆకురాయి మంచిది కాదని షాపువాణ్ణి తిట్టినవాళ్ళను నేను ఎరుగుదును.

ఇక కొలత సంగతి. పిల్లవాడు చేసిన రెండో పొరపాటు ఇక్కడుంది. వాడిది సన్న పళ్ళ రంపం. వాడు కొన్నది లావుపాటి ఆకురాయి. పెద్దదైతే ఎక్కువ రోజులు వస్తుందని కొన్నాడట. మన ఇళ్ళల్లో పిల్లలకు చెప్పులు కొన్నట్టు! ఆకురాయి లావు పెరిగినకొద్దీ దాని మూల కూడా కొంచెం గుండ్రంగా ఉంటుంది. చిన్న పళ్ళ సందులో ఆ గుండ్రని మూల అడుగుదాకా దిగదు. సందు నిండుగా, పంటి ఎత్తు తక్కువగా తయారవుతుంది. కోసిన పొట్టు పట్టేందుకు చోటుండదు, రంపం బిగుసుకుంటుంది.

దీనికి పాతవాళ్ళు పెట్టుకున్న సూత్రం చాలా తేలిక. ఆకురాయిని పళ్ళ సందులో పెట్టి చూడండి. దాని ముఖం వెడల్పులో సగానికి కొంచెం తక్కువ భాగం మాత్రమే పంటికి తగలాలి. ఎందుకు? ప్రతి ముఖానికీ రెండు పక్కలా రెండు మూలలు ఉంటాయి. ఒక మూలతో పని చేసినప్పుడు ముఖంలో ఆ పక్క సగం అరుగుతుంది. మూల మార్చినప్పుడు రెండో సగం తాజాగా ఉండాలి. సగం దాటి తగిలితే మధ్య భాగం రెండుసార్లు అరుగుతుంది, మూడో మూల వచ్చేసరికి ఆకురాయి సగం చచ్చి ఉంటుంది. మరీ తక్కువ తగిలితే ఆకురాయి లావు ఎక్కువైందన్నమాట.

షాపుకు వెళ్ళేటప్పుడు చేతిలో ఒక లెక్క ఉండాలి కాబట్టి ఇది రాసుకోండి. ఆకురాయి పొడవు చెప్పేటప్పుడు పిడిలో దూరే మొనను కలపరు, పళ్ళున్న భాగాన్నే కొలుస్తారు. ఒకే పొడవులోనే లావు తేడా ఉంటుంది. మామూలుది, దానికంటే సన్ననిది స్లిమ్, ఇంకా సన్ననిది ఎక్స్‌ట్రా స్లిమ్. అంగుళానికి 5, 6 మొనలున్న పెద్ద రంపానికి 7 అంగుళాల స్లిమ్. 8 మొనలుంటే 6 అంగుళాల స్లిమ్. 10 మొనలుంటే 5 అంగుళాల స్లిమ్. 12 మొనలుంటే 5 అంగుళాల ఎక్స్‌ట్రా స్లిమ్. అంతకంటే సన్న పళ్ళ కూసు రంపాలకు 4 అంగుళాలది, దొరికినంతలో సన్ననిది. ఇవి సుమారు లెక్కలే. కంపెనీని బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది. సందులో పెట్టి చూసే సూత్రమే చివరి తీర్పు. ఇంకో మాట, మొనలు లెక్కపెట్టేటప్పుడు అంగుళంలో మొదటి మొననూ చివరి మొననూ రెండిటినీ కలుపుతారు. అందుకని 8 మొనల రంపంలో అంగుళానికి 7 పళ్ళే ఉంటాయి. చాలామంది ఇక్కడ తికమకపడతారు.

సరే, షాపుకు వెళ్ళాం. షాపువాడు నాలుగు ఆకురాళ్ళు బల్లమీద పెట్టాడు. ఏది మంచిది? మా అబ్బా చేసినట్టు చెబుతాను.

మొదట, వెలుతురులోకి తీసుకెళ్ళి కంటికి ఎదురుగా పెట్టుకొని కొసదాకా చూడాలి, తుపాకి గురి చూసినట్టు. నీళ్ళలో ముంచినప్పుడు వంకర తిరిగినవి అక్కడ దొరికిపోతాయి. రెండోది, మూడు మూలలూ వరుసగా చూడాలి. ముఖంమీద పళ్ళ గీతలు మూలదాకా వచ్చి, మూలమీద కూడా పళ్ళు కొట్టి ఉండాలి. మూల నున్నగా ఉంటే అది రంపానికి పనికిరాదు. మూలమీద చిన్న చిన్న మెరుపు చుక్కలు కనపడితే అక్కడ పళ్ళు ఇప్పటికే రాలాయని అర్థం. భూతద్దం తీసుకుపోవడానికి సిగ్గుపడకండి. బంగారం షాపువాడు పెట్టుకోడా? మూడోది, రంగు చూడాలి. మొత్తం ఒకే బూడిద రంగులో ఉండాలి. ఒకచోట తెల్లగా, ఒకచోట నల్లగా ఉంటే అనుమానించండి. తుప్పు చుక్కలుంటే వద్దే వద్దు. తుప్పు ముందుగా తినేది పంటి కొసనే. నాలుగోది, మొన దగ్గర రెండు వేళ్ళతో వదులుగా వేలాడదీసి, ఇంకో ఇనుప ముక్కతో చిన్నగా తట్టండి. ఖణీమని మోగాలి. మట్టికుండ పగిలినట్టు డుబ్బుమంటే లోపల చీలిక ఉన్నట్టు.

ఐదోదే అసలైన పరీక్ష. జేబులో ఒక పాత రంపపు ముక్క పెట్టుకొని పోండి. షాపువాణ్ణి అడిగి, ఆకురాయి మూలను దాని అంచుమీద పెట్టి రెండు తోపులు తోయండి. మంచిదైతే పట్టుకుంటుంది, కోస్తున్నట్టు చేతికి తెలుస్తుంది. చెడ్డదైతే గాజుమీద జారినట్టు జారుతుంది. షాపువాడు ఒప్పుకోకపోతే ఒకటే కొనండి. ఇంటికెళ్ళి ఒక రంపం పూర్తిగా రాకి చూడండి. మూల నిలిస్తే మర్నాడే వెళ్ళి ఆ పెట్టెలోవే ఇంకొన్ని కొనండి. ఎందుకంటే ఒక పెట్టెలోవి సామాన్యంగా ఒకే కొలిమిలో కాలినవి. ఆర్నెల్లు ఆగితే అదే పేరుమీద వేరే సరుకు రావచ్చు.

పేరు అన్నాను కాబట్టి పేర్ల సంగతీ కొంచెం చెప్పాలి. పూర్వం ఆకురాయి పళ్ళు మనిషి చేత్తోనే కొట్టేవాడు. ఇంగ్లండులో షెఫీల్డ్ అనే పట్నం దీనికి పెట్టింది పేరు. ఉలి, సుత్తి పెట్టుకొని ఒక్కొక్క గీతా కొట్టేవారు. ఒక ముఖం కొట్టి తిప్పినప్పుడు దాని పళ్ళు చెడకుండా కింద సీసపు దిమ్మ పెట్టేవారు. ఆ సీసం ఒంట్లోకి పోయి ఎంతోమంది కార్మికులు జబ్బుపడ్డారు. మన చేతిలోని పనిముట్టు వెనక ఎవరి ఆరోగ్యం పోయిందో మనం ఆలోచించం. యంత్రంతో పళ్ళు కొట్టాలని లియొనార్డో డావిన్సీ కాలంనుంచే ఆలోచన ఉంది, ఆయన దానికి బొమ్మ గీశాడు కూడా. కాని ఆ పని నిజంగా కుదిరింది 19వ శతాబ్దంలో. అమెరికాలో విలియం నికల్సన్ అనే ఆయన 1864లో ప్రావిడెన్స్ పట్నంలో పెట్టిన ఫాక్టరీ ఈ పనిలో లోకమంతా పేరు తెచ్చుకుంది. ఫిలడెల్ఫియాలో 1840లో మొదలైన డిస్టన్ రంపాల కంపెనీవారు తమ రంపాలకు తగిన ఆకురాళ్ళు కూడా తామే చేసుకునేవారు. రంపం చేసినవాడికే దాని పంటికి ఏం కావాలో తెలుస్తుంది కదా.

తర్వాత ఏమైంది? కరెంటు రంపాలు వచ్చాయి. వాడి పారేసే రంపాలు వచ్చాయి. చేతి రంపం రాకేవాడు ఎక్కడో ఒకడు మిగిలాడు. కొనేవాడు తగ్గినప్పుడు చేసేవాడు శ్రద్ధ తగ్గించుకుంటాడు, ఇది ఏ వ్యాపారంలోనైనా ఉన్నదే. నికల్సన్ ఆకురాళ్ళు కూడా అమెరికా విడిచి మెక్సికో వంటి చోట్ల తయారు కావడం మొదలైంది. పాత పెట్టెల్లోవే కావాలని వెతుక్కునే పనివాళ్ళు ఆ దేశంలో చాలామంది ఉన్నారు. యూరప్‌లో బాకో అనే పేరుతో పోర్చుగల్‌లో తయారయ్యేవి, స్విట్జర్లాండ్‌లో వల్లోర్బ్ పట్నంలో తయారయ్యేవి మంచివని పేరుంది. కాని మన ఊరి వడ్రంగి వాటికోసం ఎక్కడికి పోతాడు? మన దేశంలో తయారయ్యేవి ఉన్నాయి. రేమండ్ గుడ్డల కంపెనీ అందరికీ తెలుసు, ఆ గ్రూపుకు చెందిన జె.కె. ఫైల్స్ మన దేశంలో ఎంతోకాలంగా ఆకురాళ్ళు చేసి పరదేశాలకు కూడా పంపుతున్న కంపెనీ. నేను ఏ కంపెనీకీ ఏజెంటును కాను. పేరు చూసి కొనండి, కాని పేరు చూసి ఊరుకోకండి. పేరున్నచోట నకిలీ కూడా ఉంటుంది. ఒక్క అక్షరం మార్చిన పేర్లు బజారులో నేనే చూశాను. కాబట్టి పేరు చదివాక మూల కూడా చదవండి.

పాత హార్డ్‌వేర్ షాపుల్లో అటకమీద ఎప్పటివో కాగితం చుట్టిన ఆకురాళ్ళు ఒక్కోసారి దొరుకుతాయి. తుప్పు లేకుంటే అది అదృష్టమే. ఇప్పుడు ఫోన్లో ఆర్డరు పెడితే ఇంటికి పంపేవాళ్ళూ ఉన్నారు. కాని ఫోటోలో మూల కనపడదు. తిరిగి తీసుకునే షరతు ఉంటేనే కొనండి, రాగానే పరీక్ష చేయండి.

మంచిది దొరికింది. సగం పని అయింది. దాన్ని బతికించుకోవడం మిగతా సగం. మంచి ఆకురాయిని కూడా ఒక్క పూటలో చంపవచ్చు.

అన్నిటికంటే ముందు దానికి పిడి పెట్టండి. ఈ మాట నేను చేయి చూపించి చెబుతున్నాను. నా 12వ యేట అబ్బా లేనప్పుడు పిడి లేని ఆకురాయితో రంపం రాకబోయాను. ఆకురాయి ఒకచోట తట్టుకొని ఆగింది, నా చేయి ఆగలేదు. వెనక మొన అరచేతిలో దిగింది. ఈ మచ్చ ఇప్పటికీ పోలేదు. అబ్బా తిట్టలేదు. కట్టు కట్టించి తీసుకొచ్చి, సాయంత్రం కూర్చొని ఇంట్లో ఉన్న అన్ని ఆకురాళ్ళకూ పిడులు చేశారు.

రెండోది, రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించాలి. పళ్ళు చెక్కపైన కొద్దిగా మాత్రమే కనపడాలి. రేకు ఎక్కువ పైకి ఉంటే తోసినప్పుడల్లా వణికి కీచుమని అరుస్తుంది. ఆ అరుపు రంపానిది కాదు, ఆకురాయిది. పళ్ళు రాలుతున్నాయని అది మొర పెట్టుకుంటోంది. మూడోది, ముందుకు తోసినప్పుడే కోయాలి. వెనక్కు తెచ్చేటప్పుడు పైకి ఎత్తాలి. వెనక్కు ఈడిస్తే ఆకురాయి పళ్ళు వ్యతిరేకంగా విరుగుతాయి. నాలుగోది, అదమకండి. ఆకురాయి బరువు, చేతి బరువు చాలు. నూనె రాయకండి, నూనె ఉంటే జారుతుంది. సుద్దముక్క రాయండి, మా బడిలో కావలసినన్ని ఉన్నాయి. సుద్ద ఉంటే ఇనుప పొడి పళ్ళ మధ్య పట్టుకోదు. పట్టుకుంటే తీగ బ్రష్షుతో గీతల వెంబడి దులపాలి.

పని వరుస కూడా ఉంది. ముందు పళ్ళ కొసలు ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా చూసి, చదును ఆకురాయిని కొసలమీద పొడుగునా తేలిగ్గా నడపాలి. ప్రతి కొసమీదా చిన్న మెరుపు వస్తుంది. తర్వాత మూడు మూలలదానితో ఆ మెరుపు పోయేదాకా మాత్రమే రాకాలి. మెరుపు పోగానే ఆపాలి. ఒక్క తోపు ఎక్కువైనా ఆ పన్ను పొట్టిదవుతుంది. నిలువు కోత రంపానికి ఆకురాయిని రేకుకు సరిగ్గా అడ్డంగా పట్టాలి. అడ్డకోత రంపానికి 15 నుంచి 25 డిగ్రీల వరకు పక్కకు వాలుగా పట్టి, ఒక సందు విడిచి ఒక సందు రాకి, రంపం తిప్పి మిగతావి రాకాలి. ఒక మూలతో ఎన్ని రంపాలు చేశారో పిడిమీద గీత గీసుకోండి. మూడు మూలలకూ మూడు వరుసలు. లెక్క ఉంటే, అరిగిన మూలతో రంపం పాడుచేయరు.

చివరిగా, ఆకురాళ్ళను ఒక డబ్బాలో గుత్తిగా పడేయకండి. ఒకదానికొకటి తగిలితే ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఒక్కొక్కటీ గుడ్డలోనో కాగితంలోనో చుట్టండి. అరిగిపోయినదాన్ని యాసిడ్‌లో ముంచితే మళ్ళీ పదునొస్తుందని కొందరు చెబుతారు. మురికి పోతుంది, రాలిన మూల తిరిగి రాదు. ఇంట్లో పిల్లలుండగా యాసిడ్ జోలికి పోవద్దు.

ఇప్పుడు మన పిల్లవాడి దగ్గరికి వద్దాం. నేను ఆ ఆకురాయి, భూతద్దం జేబులో పెట్టుకొని ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాను. పెద్దమనిషి, కోపమున్నా కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. "మాస్టర్ సాబ్, వాడి సిఫారసు చేయడానికి వచ్చారు, నాకు తెలుసు" అన్నాడు. "సిఫారసు కాదు భాయ్, దీన్ని ఒకసారి చూడండి" అన్నాను. ఆయన భూతద్దం తోసేసి, బొటనవేలు మూలమీద నడిపాడు. మళ్ళీ నడిపాడు. లేచి వెళ్ళి తన పెట్టెలోంచి గుడ్డలో చుట్టిన ఆకురాయి తెచ్చాడు. ఒక పాత రంపపు ముక్కమీద రెండూ తోసి చూశాడు. తనది కోసింది, పిల్లవాడిది జారింది.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇది కొనుక్కోమని వాడికి డబ్బిచ్చింది నేనే. ఏది కొనాలో చెప్పలేదు" అన్నాడు. మర్నాడు కబురు పంపి పిల్లవాణ్ణి పిలిపించాడు. తన ఆకురాయి వాడి చేతికిచ్చి, చెడిన రంపాన్ని వాడితోనే మొదటినుంచి రాకించాడు. పళ్ళు మళ్ళీ పుట్టించడానికి రెండు రోజులు పట్టింది. అదే రంపం ఇప్పుడు వాడు వాడుతున్నాడు. ఖరీదు అడగలేదు.

నేను మాస్టర్ని కాబట్టి ఈ సంగతి నా వృత్తికి కూడా తగిలింది. ఎన్నోసార్లు పిల్లవాడు లెక్క తప్పు చేస్తే వాడి బుర్రను తిట్టాను. వాడి చేతికి నేనిచ్చిన పుస్తకం ఎట్లా ఉందో, పాఠం ఎట్లా చెప్పానో భూతద్దం పెట్టి చూసుకున్నానా? ఉస్తాద్ నోటినుంచి వచ్చిన ఆ ఒక్క మాట నాకు చాలారోజులు నిద్ర పట్టనివ్వలేదు. పని చెడినప్పుడు పనివాణ్ణి అనేముందు పనిముట్టును చూడాలి. పనిముట్టు మనమే ఇచ్చి ఉంటే, మన చేయి కూడా చూసుకోవాలి.

పెద్దలకు ఒక చిన్న మనవి చేసి ముగిస్తాను. ఆకురాళ్ళు పన్నెండేసి పెట్టెగా వస్తాయి. ఒక్క వడ్రంగి పెట్టె మొత్తం కొనలేడు, విడిగా కొంటే ఏది దొరికితే అదే. నలుగురైదుగురు కలిసి డబ్బు వేసుకొని, ఒకటి పరీక్ష చేసి, మంచిదని తేలాక పెట్టె కొని పంచుకుంటే అందరికీ ఒకే మంచి సరుకు దొరుకుతుంది. పరీక్ష చేయడానికి పెద్ద ఉస్తాద్‌లు ఉన్నారు. వాళ్ళ బొటనవేలికి తెలిసింది నా భూతద్దానికి తెలియదు. ఆ బొటనవేళ్ళు మన మధ్య ఉండగానే పిల్లల్ని వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. భూతద్దం కావాలంటే మా బడికి రండి, ఇస్తాను. తిరిగి ఇచ్చేయాలి సుమా, అది సర్కారు సొత్తు!